ఉతకని మంకీ క్యాప్

ఆ రోజుల్లో కుక్కను నడిపించడం కూడా ఒక ఉద్యోగమే అంటే కుక్కలే నవ్వేవి. ఇప్పుడంటే ఫోన్లో నొక్కితే టీషర్టు వేసుకున్న పిల్లాడు వచ్చి కుక్కను తీసుకుపోతాడు, అది ఏ స్తంభం దగ్గర కాలెత్తిందో మ్యాపు గీసి మరీ యజమానికి పంపిస్తాడు. నేను ఆ పనిలో దిగిన కాలంలో మద్రాసు శివార్లలోని మా మాధవరంలో దానికి పేరే లేదు. తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. ఆయన నన్ను ప్రశ్న అడగకూడదు, నేను ఆయనకు కనపడకూడదు. నా వంతు నేను ఎంత నిజాయితీగా పాటించానంటే ఆ తరవాత ఏ అయ్యవారికీ కనపడలేదు. అక్కడి నుంచి మొదలుపెట్టి సెల్‌ఫోన్ రిపేరు కొట్లోనూ, పెళ్ళిళ్ళకు సీరియల్ లైట్లు కట్టే ఆయన దగ్గరా, ఇంకా చెప్పుకుంటే బాగుండని రెండు మూడు చోట్లా పనిచేసి, అందరి చేతా నమస్కారం పెట్టించుకుని ఇంటికి వచ్చాను. ఏం చేస్తున్నావురా అని ఎవరైనా అడిగితే నాకంటే ముందే మా అక్క, "ఖాళీగా ఉండాడు, మీకేమన్నా కావాల్నా?" అనేది, ఇంట్లో పాత బీరువా ఉన్నట్టు. జార్జి టౌన్‌లో కాగితాల హోల్‌సేల్ కొట్లో పనిచేసే మా బావ మాత్రం, ఇంకొక్క పని పోగొట్టుకుంటే మా కొట్టు తోపుడు బండి నీదే అని ముందే చెప్పేశాడు.

అట్లాంటి సమయంలో దొరికింది ఈ పని. గేదెల కొట్టాలున్న పాల కాలనీ ప్రహరీ గోడను ఆనుకుని ఉన్న ఒక పాత ఇంట్లో పెద్దమ్మ ఉండేది. (చుట్టం కాదు. మా మద్రాసు తెలుగువాళ్ళకు చుట్టరికం కలవాలంటే ఒకే నీళ్ళ లారీ దగ్గర బిందెలు పెడితే చాలు.) ఆవిడ భర్త, పెద్దాయన, కోడంబాక్కం స్టూడియోల్లో సినిమాలకు అడుగుల చప్పుళ్ళు చేసిన మనిషి. తెర మీద హీరో మెట్లు దిగుతుంటే చీకటి గదిలో టకటకలాడేవి మన పెద్దాయన బూట్లే. పెళ్ళికూతురు సిగ్గుపడుతూ నడిచొస్తుంటే గజ్జెలు పట్టుకుని ఊపేది కూడా ఈ ఆరడుగుల మీసాలాయనే. ఆ వేసవిలో ఆయన పోయాడు. ఏడాది తిరిగేదాకా పెద్దమ్మ వీధి గడప దాటకూడదని వాళ్ళ ఇంటి కట్టుబాటు. అందుకని ఆయన కుక్కను తిప్పడానికి మనిషి కావలసి వచ్చాడు.

ఆ కుక్క పేరు దొర. లేత మీగడ రంగు లాబ్రడార్. నేను పోయేసరికి వరండాలో పడుకుని, ఒక కన్ను మాత్రం తెరిచి నన్ను చూసి, అదీ అనవసరమనుకుని మూసేసింది.

"చూడు కన్నా, ఆయన పోయినప్పటి నుంచి ఇది గేటు దాటలా" అంది పెద్దమ్మ గ్రిల్లు వెనక నుంచి. "నడవకపోతే ఎనక కాళ్ళు పడిపోతాయని డాక్టరు చెప్పినాడు. మా మరిదేమో నీకెందుకు వదినా ఈ చాకిరి, మార్గళి నెల అయినాక తన గోడౌన్‌కు తీసకపోతానంటాడు. ఆడ పగలూ రాత్రీ గొలుసేసి కట్టేస్తారు. ఈ వయసులో దీనికి గొలుసా?"

"నాకు వదిలెయ్ పెద్దమ్మా. నడవడం కాదు, డాన్స్ ఆడిస్తా" అన్నాను. దొర ఆ మాటకు మళ్ళీ కన్ను తెరిచింది. దాంట్లో ఉన్న జాలి నాకు ఇప్పటికీ గుర్తే.

నిజం చెప్పాలంటే కుక్కల గురించి నాకు ఒక్క సంగతి బాగానే తెలుసు. చాలామంది వాకింగు అంటే కుక్క కాళ్ళను తిప్పడం అనుకుంటారు. కాదు, దాని ముక్కును తిప్పాలి. రోజూ అదే వీధిలో అదే వైపు బరబరా లాక్కుపోతే దానికీ విసుగే. మూల మీద ఆగనివ్వాలి, వాసన చూడనివ్వాలి, ఉన్నట్టుండి వెనక్కి తిరగాలి, చెట్టు చాటున దాక్కుని వెతికించాలి. మనిషి పక్కన నడుస్తున్నాడని కాదు, మనిషి తనతో ఆడుతున్నాడని దానికి తోచాలి. ఇంత తత్వం తెలిసిన నేను దొర ముందు వారం రోజులు గెంతాను. బంతి విసిరాను, నేనే తెచ్చుకున్నాను. వెనక్కి పరుగెత్తాను, పాల సైకిలాయన మీద పడ్డాను. గేటు స్తంభం చాటున దాక్కుని ఎంతసేపటికీ ఎవరూ వెతకడం లేదేమని తొంగి చూస్తే దొర నిద్రపోతోంది. చివరికి ఫోన్లో పిల్లి అరుపులు పెట్టాను. వీధిలో ఉన్న పిల్లులన్నీ వచ్చాయి, దొర రాలేదు. గ్రిల్లు వెనక పెద్దమ్మ ఇదంతా చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నవ్వుకో, ఏడుపుకో నాకు తెలిసేది కాదు.

మార్గళి వచ్చింది (మన ధనుర్మాసమే). మా పాల కాలనీలో ఆ నెలలో తెల్లవారుజామున మంచు దిగుతుంది. అదేమీ ఊటీ మంచు కాదు. అయినా మద్రాసువాడికి కాస్త చెమట ఆగితే చాలు, మంకీ క్యాప్ బయటికి తీస్తాడు. మంచులో గుడి మైకు పాట ఎక్కడి నుంచో నీళ్ళలో మునిగినట్టు వినపడేది. వాకిళ్ళలో ముగ్గులు సగం వరకే కనపడేవి. ప్రహరీ అవతల గేదె అరిస్తే అది పక్కనే ఉందో, పోయిన ఏడాది అరిచిందో తెలిసేది కాదు.

అట్లాంటి ఒక ఉదయం గేటు తీసేసరికి దొర లేచి నిలబడి ఉంది. ముక్కు ఎత్తి గాలి పీల్చి, నన్ను దాటుకుని, తనంతట తాను వీధిలోకి నడిచింది. ఆ రోజు నేను కొత్త చొక్కా వేసుకుని ఉన్నాను. దాని మహిమే అనుకుని పెద్దమ్మకు వినపడేలా, "చూస్తివా పెద్దమ్మా! పనితనం!" అని అరిచాను. లోపలి నుంచి జవాబు లేదు.

దొర నడుస్తోంది సరే, ఈ ఊపు చల్లారకుండా ఏదైనా ఆట కల్పించాలని మూల మీద టీ కొట్టుకు పోయాను. మద్రాసు టీ కొట్లలో పొరై అని ఒక గట్టి రొట్టె ముక్క ఉంటుంది. టీ తాగే మనిషి వీధి కుక్కకు వేసేది అదే.

"తంబీ, పొరై కుక్కలకు దాన్ వాంగుతారు. నువ్వేంది, నువ్వే నములతా ఉండావు?" అన్నాడు టీ మాస్టర్. (ఆయన తెలుగులో సగం అరవమే: వాంగడం అంటే కొనడం, దాన్ అంటే నొక్కి చెప్పడం.)

"రుచి చూడకుండా కస్టమర్‌కు పెట్టేది ఎట్లా మాస్టర్?" అని, నాలుగు జేబులో వేసుకున్నాను. దొర ముందు నడుస్తుంటే తన కంట పడకుండా అక్కడక్కడా దాచి, తిరుగు ప్రయాణంలో వెతికించాలని నా ఎత్తు. ప్రహరీ గోడలో ఒక ఇటుక ఊడిన బొక్క కనపడింది. ఇది బాగుంది అనుకుని చెయ్యి పెట్టాను. లోపల అప్పటికే ఒక పొరై ఉంది.

ఎవరో పిల్లలు పెట్టి ఉంటారులే అనుకున్నాను. కాస్త దూరాన పాడుబడిన కొట్టం కిటికీ దగ్గర దొర ఆగింది. ఆ కిటికీ చెక్క కింద దాచుదామని వేళ్ళు పోనిచ్చాను. అక్కడా ఒకటి. తుప్పు పట్టిన చేతిపంపు గొట్టంలో చూశాను, ఉంది. నేను దాచాలనుకున్న ప్రతి చోటా నాకంటే ముందు ఎవరో దాచి పోయారు. నా బుర్రలో పుట్టిన ఆలోచన నా చెయ్యి పోయేలోపల ఎవరికి తెలిసిపోతోంది? దొర మాత్రం ఒక్కొక్కటీ తీరిగ్గా తిని, పక్కకు తిరిగి, నా మొహానికి రెండు జానల పైన, అంటే ఒక ఆరడుగుల మనిషి మొహం ఉండే చోట చూసి, తోక ఊపింది. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు.

నేను టీ కొట్టు దగ్గరికి నడిచి వచ్చానని చెప్పడం మర్యాద. మాస్టర్ నా మాట విని గ్లాసు కడగడం ఆపేశాడు.

"గోడ బొక్కలోనా? కిటికీ కిందనా? అయ్యో కడవులే! అది పెద్దాయన ఆట తంబీ. ఆయన దాన్ ఆడాడ దాచిపెట్టి, ఒకనాడు పోలీసు మాదిరి నడస్తాడు, ఒకనాడు కుంటి విలన్ మాదిరి నడస్తాడు. దొర ఆ చప్పుడు వింటా ఎనకాలే పోయి వెతుక్కుంటది. ఆయన పోయినాక ఈడ పొరై వాంగింది నువ్వే దాన్."

ఆ రాత్రి మా అక్కకు చెప్పాను. "పనికి ఎగనామం పెట్టను దయ్యం కథ ఎత్తుకున్నాడు చూడు" అని బావతో అంది. బావ రెండు చేతులూ ముందుకు చాపి తోపుడు బండి తోస్తున్నట్టు చూపించాడు. దయ్యమా, తోపుడు బండా అని ఆలోచించి మర్నాడు దయ్యం వైపే పోయాను. రోజూ అదే వరస. నేను చెయ్యి పెట్టే చోట పొరై ఉండేది. దొర నడక పెరిగింది, నాది తగ్గింది.

ఒక ఉదయం నీళ్ళ లారీ ఎన్నడూ లేనంత ముందే వచ్చింది. బిందెలు మోసిన చేతులతో అట్నుంచి అటే పెద్దమ్మ ఇంటికి పోయాను. ఇల్లు తలుపు వేసి ఉంది. వరండాలో తగిలించిన గొలుసు తీసి దొర మెడకు వేసి బయలుదేరాను. వీధి లైటు మంచులో గుడ్డు సొన మాదిరి వేలాడుతోంది. ప్రహరీ మలుపు తిరిగేసరికి ముందు నుంచి చప్పుడు వినపడింది.

సర్... టక్. సర్... టక్.

ఒక కాలు ఈడ్చి, ఒక కాలు కొట్టి నడిచే చప్పుడు. కుంటి విలన్. దొర చెవులు నిక్కబొడుచుకున్నాయి. మంచు కాస్త విడింది. చేతిపంపు దగ్గర వంగి ఉంది అది. మంకీ క్యాప్, బూడిద రంగు స్వెట్టరు, పెద్ద బూట్లు. పెద్దాయనను ఆ బట్టల్లో నేను నీళ్ళ లారీ దగ్గర ఎన్నిసార్లు చూశానో. ఒక్కటే తేడా, స్వెట్టరు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. చచ్చిపోయాక మనుషులు కుదించుకుపోతారు కాబోలు అనుకున్నాను. (ఆ క్షణంలో అది నాకు చాలా సబబుగా తోచింది.) అది తల ఎత్తి మావైపు చూసింది. నేను గొలుసు వదిలేసి దగ్గర్లో ఉన్న కొబ్బరి చెట్టును ఎక్కడానికి రెండు చేతులా కావలించుకున్నాను. దొర పరుగెత్తింది. నడవలేని కుక్క చెవులు ఎగరేసుకుంటూ, ఒళ్ళంతా ఊగిపోతూ ఆ ఆకారం మీదికి దూకింది.

"ఒరే దొరా, మెల్లిగా... నా మోకాళ్ళురా!" అంది దయ్యం, పెద్దమ్మ గొంతుతో.

నేను చెట్టును వదల్లేదు. దయ్యాలు గొంతులు మారుస్తాయని నాకు తెలుసు. ఆవిడే క్యాప్ పైకి తీసి, "దిగు కన్నా, నేనే" అంది. దిగడానికి నేను ఎక్కితే కదా! కాళ్ళు నేల మీదే ఉన్నాయి.

ఇద్దరం కొట్టం అరుగు మీద కూర్చున్నాం. మధ్యలో దొర ఆ స్వెట్టరులో మొహం దూర్చి కళ్ళు మూసుకుంది.

"నువ్వు గేటు కాడ వారం గెంతినా అది లేవలా. చూడలేకపోయినా. నాలుగు గోడల మధ్య నేను కూర్చోవాలంటే కూర్చుంటా, దాన్ని ఎందుకు కూర్చోబెట్టేది? పొరై ఆయన కొని డబ్బాలో పెట్టినవే ఉండాయి. చీర కట్టుకుని వస్తే ఎవరో ఒకరు చూసి మా మరిది చెవిన ఏస్తారు. ఆయన బట్టలేసుకుంటే నేనెవరని అడిగేవాడు ఎవడు?"

"ఎవడూ అడగడు పెద్దమ్మా, అందరూ చచ్చిపోయి ఉంటారు" అన్నాను. ఆవిడ నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వు వినడం అదే మొదలు, అదీ ఇంటి బయట.

"ఈ స్వెట్టరూ క్యాపూ ఆయన పోయినప్పటి నుంచి ఉతకలా కన్నా. వాసన పోతుందని. అది నాకోసం దాచుకున్నా. దీనికి పనికొచ్చింది." ఆవిడ దొర చెవి సవరించి మళ్ళీ అంది. "ఆయన నడక మాత్రం నాకు సరిగా రాలా. ఆ పాత పాల బూతు పైన గూడు ఉండాదే, ఆడ పెట్టడానికి అందను కూడా అందదు. ఆయన చెయ్యి చాపితే అందేది. ఆడికి పోయినప్పుడల్లా దొర పైకి చూసి ఏడస్తది."

అప్పుడు నాకు ఇంకొకటి అర్థమైంది. దాచే చోట్లు నేను ఎంచుకోలేదు. దొర ఆగిన చోటల్లా నేను ఆగాను, ఆహా ఎంత మంచి చోటు అనుకున్నాను. నా తెలివి అనుకున్నదంతా గొలుసు అవతలి కొసన ఉన్నదాని తెలివి.

మార్గళి చివరికి వచ్చింది. మరిది గారు, నేను గోడౌన్ మామ అనేవాణ్ణి, ముందు రోజు సాయంత్రమే వచ్చి ఇంట్లో పడుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు. తెల్లారి నన్ను చూసి, "ఏమబ్బయ్యా, కుక్క నడస్తా ఉండాదంట? చూపీ. నడిస్తే ఈడే ఉండనీ. ఊరికే పడుంటే మాత్రం మా వదిన మోకాళ్ళతో దీనికి సేవ చెయ్యలేదు, నేను తీసకపోతా" అన్నాడు.

పెద్దమ్మ గ్రిల్లు వెనక నిలబడి ఉంది, ఒట్టి కాళ్ళతో. మరిది ఇంట్లో ఉంటే ఆవిడ ఎక్కడికి కదులుతుంది? పెద్దాయన బూట్లు వరండా అరలో ఉన్నాయి, వాటి మీద మంకీ క్యాప్. మంచులో ఎక్కడా పొరై లేదని ఆవిడ కళ్ళు నాకు చెప్పాయి. నా జేబు తడుముకున్నాను. నీళ్ళ లారీ ధ్యాసలో టీ కొట్టు వైపే పోలేదు. పోయినా లాభం లేదు, మార్గళి ఆఖరని మాస్టర్ ఊరికి పోయాడు, కొట్టు మూసే ఉంది.

"దొరా, రారా నాయనా" అన్నాను. అది గేటు దాకా వచ్చి కూర్చుంది. గెంతాను. దాక్కున్నాను. పోలీసు నడక నడిచాను. మామ వాచీ చూసుకున్నాడు, తరవాత వంగి గొలుసు నా చేతిలోంచి తీసుకున్నాడు. దొర ప్రతిఘటించలేదు కూడా. తల నేలకు ఆనించింది. గ్రిల్లు పట్టుకున్న పెద్దమ్మ వేళ్ళు తెల్లబడ్డాయి.

అప్పుడు ప్రహరీ మలుపు దగ్గర, మంచు లోపల వినపడింది.

టక్... సర్. టక్... సర్.

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ అక్కడే ఉంది. బూట్లూ అక్కడే ఉన్నాయి. పెద్దమ్మ ముందు ఈడ్చి తరవాత కొట్టేది. ఇది ముందు కొడుతోంది, తరవాత ఈడుస్తోంది. దొర లేచింది. లేవడమేమిటి, గొలుసుతో పాటు మామను కూడా లేపింది. ఆయన పంచె చెదిరిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని మంచులోకి కొట్టుకుపోయాడు, వెనక నేను. గోడ బొక్క దగ్గర ఆగలేదు, కిటికీ దగ్గర ఆగలేదు. మూసేసిన పాల బూతు ముందు నిలబడి, పైన గూటి వైపు చూసి తోక ఊపింది. చప్పుడు ఆగిపోయింది. అక్కడ ఎవరూ లేరు.

మామ మొహంలో రక్తం లేదు. "చిన్నప్పుడు జార్జి టౌన్ సందుల్లో మా అన్న నన్ను ఇట్లే బెదరగొడతా ఉండినాడు" అన్నాడు మెల్లిగా. "ఇదే నడక. టక్... సర్. నాకు తెలీదా?" గొలుసు నా చేతిలో పెట్టి పంచె సర్దుకుని, ఇంటి వైపు కాకుండా నేరుగా బస్ టెర్మినస్ వైపు నడిచాడు. కాస్త దూరం పోయి, వెనక్కి తిరక్కుండానే, "కుక్క ఈడే ఉండనీ అని మా వదినతో చెప్పు" అన్నాడు. ఆయన చెప్పులు, సంచీ మర్నాడు నేనే పోయి ఇచ్చి వచ్చాను.

నేను మూడుసార్లు ఎగిరి గూట్లో చెయ్యి పెట్టాను. చెట్టూ, గోడా, నా చొక్కా, దొర వీపూ అన్నీ మంచుకు తడిసి ముద్దగా ఉన్నాయి. నా వేళ్ళకు తగిలిన పొరై మాత్రం ఇప్పుడే డబ్బాలోంచి తీసినట్టు కరకరలాడుతోంది.

పెద్దమ్మకు చెప్పాను. "నువ్వే పెట్టుంటావులే కన్నా" అంది. నాకు అందదని నా వైపు ఒకసారి పై నుంచి కింద దాకా చూసి తనే తెలుసుకుంది. తరవాత వరండా అరలోని బూట్లను సర్ది, "చూస్తివా, ముందు కొట్టాలంట, తరవాత ఈడవాలంట. ఇన్నాళ్ళూ నేను తప్పు నడస్తా ఉండా" అని కళ్ళు తుడుచుకుంది.

దొర ఆ తరవాత ముసలితనంతో, నడుస్తూ నడుస్తూనే పోయింది. అది పోయి ఏడాది తిరిగాక పెద్దమ్మ ఆ స్వెట్టరూ మంకీ క్యాపూ నాకిచ్చేసింది. తోపుడు బండి నాకు తప్పింది. ఇప్పుడు మా పేటలో లేచిన అపార్ట్‌మెంట్లలో హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వచ్చిన ఐటీ పిల్లలు, "అన్నా, మా బ్రూనో అస్సలు నడవట్లేదన్నా" అని నాకే ఫోన్ చేస్తారు. ముక్కును తిప్పండి, ఆట ఆడండి అని చెప్తాను. మిగతాది చెప్పను. పాల బూతు ఇంకా అక్కడే ఉంది. మార్గళిలో అటు పోయినప్పుడు ఒక పొరై పైకి విసురుతాను, గూట్లో పడిందో లేదో చూడను. ఉడతలు చాలా ఉన్నాయి మా వైపు.

ఆ క్యాప్‌ను నేటికీ ఉతకలేదు. ఏడాదికొకసారి మా ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇది ఇంట్లో ఉండాలా, నేనుండాలా?" అంటుంది. రేపు నేను పోయినాక మన కుక్కకు పనికొస్తుందే, ఉతకొద్దు, నువ్వు తొడుక్కుని నడువు అంటాను. "నీ నడక నాకెక్కడ వస్తది, మొదట్నుంచీ సక్కగా నడిచిన మొహమా?" అంటుంది. మొన్న తెల్లవారుజామున ఆ క్యాప్ పెట్టుకుని, మోకాళ్ళ దాకా వేలాడే ఆ స్వెట్టరు తొడుక్కుని, అద్దంలో చూసుకున్నాను. మంచులో ఎవడైనా కుర్రవాడు ఎదురైతే కుక్కను వదిలేసి కొబ్బరి చెట్టును కావలించుకోవడం ఖాయం. పాపం, వాడికి ఎక్కడం వచ్చి ఉంటే బాగుండు.